బారామహలు మెట్టయు, కడలిగాలి మధువును

దక్షిణ పినాకిని నందికొండల ప్రాంతమున పుట్టి, బెంగుళూరునకు తూర్పుగా సాగి, హొసూరు మెట్టను దిగి, కృష్ణగిరి, కావేరిపట్టణముల మీదుగా ఊతంగరై తాలూకాను తాకి, కడలూరు చెంత తూర్పు సముద్రమున కలియుచున్నది. తమిళులు దీనినే తెన్‌పెన్నై యందురు. ఈ యేటి రెండు కొనలును ద్రాక్షాసవముతో సంబంధము గలవియే యగుట పెక్కుమంది గమనింపని విషయము. ఏరు పుట్టినచోట, నందికొండల పాదమున, గత శతాబ్దపు చివరి దశకముల నుండి ఫ్రెంచి జాతుల ద్రాక్షతోటలు పెరుగుచున్నవి. ఏరు సముద్రమున గలిసిన చోటికి ఉత్తరముగ కొలదిదూరమున, పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో, రెండువేల యేండ్ల క్రిందట మధ్యధరా సముద్రతీరముల నుండి ఓడలపై వచ్చిన మధుభాండముల పెంకులు నేలలో దొరకినవి. ఈ రెంటి నడుమ నున్నది కల్లావి మొదలగు బారామహలు గ్రామముల సీమ. ఇచ్చట తెలుగు, తమిళము, కన్నడము ఇరుగుపొరుగు భాషలు. ఇచ్చటి అనాది పానము మాత్రము ద్రాక్షది కాదు, చెట్టుది.

పాశ్చాత్యదేశములలో మధుపరీక్షకులు ద్రాక్షాసవమును రుచి చూచునపుడు మొదట అడుగు ప్రశ్నలలో ఒకటి: ఇది కడలిగాలి సోకిన తోటదా, లోనాటి తోటదా? నాలుకపై తోచు పులుపును, కొంచె ముప్పదనమును, తేలికదనమును బట్టి వారు తోట యొక్క తావును ఊహింతురు. ఈ విద్య మనకు దూరపుమాట యని తోచవచ్చును. కాని తెలుగుతీరమునకును దాని పొరుగుతీరమునకును సముద్రపు రుచిగల మధువులు చరిత్రలో ఒకటికి రెండుసార్లు దిగుమతి యైనవి. అవి ఏవి, ఎట్లు వచ్చినవి, వాని రుచికి సముద్రము ఎట్లు కారణమైనది, మన మెట్టసీమలో ఆ సముద్రము పనిని మరేది చేయుచున్నది అనునవి విచారింపదగినవి. ఇది పానప్రశంస కాదు. ఒక వస్తువు యొక్క చరిత్ర.

అరికమేడు కథ 1944 లో మదరాసు మ్యూజియములోని ఒక బీరువాతో మొదలైనదని చెప్పుదురు. అప్పుడే భారత పురావస్తుశాఖకు అధిపతియై వచ్చిన మార్టిమర్ వీలర్ ఆ బీరువాలో ఒక మట్టికూజా మెడను, దాని పొడవైన పిడిని చూచి, అది మధ్యధరా ప్రాంతపు మధుభాండమని వెంటనే పోల్చెను. మరుసటి యేట, అనగా 1945 లో, ఆతడు అరికమేడున త్రవ్వకములు జరిపెను. అంతకుముందే ఫ్రెంచి పండితులు ఆ తావును గుర్తించి కొంత పరిశోధించి యుండిరి. 1989 మొదలు మరల త్రవ్వకములు జరిగినవి. దొరకిన భాండశకలములను పరిశీలించిన విద్వాంసులు వానిలో పెక్కు గ్రీకుదేశపు కోస్ ద్వీపము రీతివని తేల్చిరి. రెండు కడ్డీలను జంటగా అతికినట్లుండు పిడి వాని గుర్తు. ఇటలీలోని కంపానియా నుండి వచ్చినవియు గలవు.

కోస్ మధువునందలి విశేషము దానిలో సముద్రజలమును కలుపుట. రోమను గ్రంథకర్త కేటో తన వ్యవసాయగ్రంథములో ఈ రీతి మధువును చేయు విధానమును వివరించినాడు. ద్రాక్షకోతకు డెబ్బది దినములు ముందుగా, గాలిలేని దినమున, మంచినీరు చేరని నడిసముద్రము నుండి నీరు తెచ్చి నిలువ యుంచవలెనట. ఆ నీటికి విశ్రాంతి నిచ్చి, తేర్చి, పిదప మధువులో కలుపవలెనట. క్రీ. శ. మొదటి శతాబ్దివాడగు ప్లినీ ఈ యాచారము పుట్టుకకు ఒక ముచ్చట చెప్పినాడు: ఒక దాసుడు తాను అప్పగింపవలసిన కొలత తక్కువయగుటచే దొంగతనముగా సముద్రపునీరు కలిపి కొలత నిండించెననియు, ఆ మోసమే మధువునకు కీర్తి తెచ్చెననియు. మన యూళ్ళలో పాలలో నీరు కలుపువారికి ఇంతటి యదృష్టము పట్టినట్లు వినము. ముచ్చట నిజమైనను కాకున్నను, ఉప్పునీరు కలిసిన మధువు దీర్ఘప్రయాణములో చెడక నిలుచునను వివరణము యుక్తముగ నున్నది. ఎఱ్ఱసముద్రము దాటి, ఋతుపవనముల వెంట అరేబియా సముద్రమును గడచి, దక్షిణాపథమును చుట్టి తూర్పుతీరము చేరు సరకునకు అట్టి రక్ష అవసరమే. కావున మన తీరమున పరదేశీయుల పాత్రలలో పోయబడిన తొలిమధువులలో ఒకటి సముద్రపుగాలి సోకినదే కాక సముద్రమునే కడుపున దాల్చినది.

అదే కాలమునకు చెందిన ఎరిథ్రియను సముద్రయాన గ్రంథము భరుకచ్ఛమున దిగుమతి యగు వస్తువులలో మధువును పేర్కొని, ఇటలీది మేలైనదిగ నెంచబడుననియు, లవోదికయ, అరబ్బు మధువులును వచ్చుననియు చెప్పుచున్నది. మసాలియా యని ఆ గ్రంథము పిలుచు కృష్ణాతీరసీమను గూర్చి మాత్రము సన్నని నూలుబట్టలనే చెప్పినది. తెలుగునాట రోమను నాణెములు పెక్కుచోట్ల దొరకినవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లె నిధి ప్రసిద్ధము. శాతవాహనుల ఓడబొమ్మ నాణెములును ఈ తీరవాణిజ్యమునకు సాక్షులే. నాగార్జునకొండలో 1954 నుండి జరిగిన త్రవ్వకములలో బయల్పడిన శిల్పములలో కొమ్ముపాత్రను చేతబట్టిన ఒక పాశ్చాత్యాకృతి గలదు. దానిని గ్రీకుల మధుదేవతయగు డయోనైససుతో పోల్చినవారు గలరు. ఇక్ష్వాకుల శిల్పి పరదేశపు పానగోష్ఠిని కనియో వినియో యుండుననుటకు ఇది చాలును.

మధువునకు ఊరిపేరు పెట్టు అలవాటు పాశ్చాత్యులదే యని కొందఱి నమ్మకము. అది సరికాదు. 1909 లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రములో సురాధ్యక్షప్రకరణము గలదు. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానములు విభజింపబడినవి. వీనిలో మధువనగా ద్రాక్షరసమనియు, పుట్టిన దేశమును బట్టి దానికి కాపిశాయనము, హారహూరకము అని పేర్లు వచ్చుననియు చెప్పబడినది. పాణిని సూత్రములలోనే కాపిశీ నగరమును బట్టి కాపిశాయన శబ్దము సాధింపబడినది. కాపిశి నేటి ఆఫ్‌ఘనిస్థానములోనిది, కొండసీమ. అనగా ప్రాచీన భారతీయులకు తెలిసిన దేశనామముగల మధువు కొండగాలిది. సముద్రమార్గమున వచ్చినది కడలిగాలిది. ఈ భేదము బారామహలు విషయమున మరల ఉపయోగపడును.

మధ్యయుగమును త్వరగా దాటవచ్చును. కాకతి గణపతిదేవుడు 1244 లో మోటుపల్లిరేవున వర్తకులకిచ్చిన అభయశాసనము సుగంధద్రవ్యములను, కర్పూరమును, ముత్యములను, దంతమును తలచునే గాని ద్రాక్షాసవమును తలపదు. మన కావ్యములలో మధుపానవర్ణనలకు కొఱతలేకున్నను అవి సంప్రదాయసిద్ధములు. వానినుండి సరకుల పట్టిక లాగుట సాహసము.

పదునేడవ శతాబ్దిలో కథ మచిలీపట్టణమునకు వచ్చును. డచ్చివారు ఆ శతాబ్ది మొదటనే అచ్చట వర్తకమునకు దిగిరి. ఇంగ్లీషువారు 1611 లో దిగిరి. గోలకొండ దర్బారుకును పారశీకమునకును దగ్గరిచుట్టరికము. ఇంగ్లీషు, డచ్చి వర్తకశాలలవారు పారశీకపు బందరు గొంబ్రూను ద్వారమున షీరాజు మధువును తెప్పించుకొని త్రాగుచుండిరి. షీరాజు సముద్రమట్టమునకు ఐదువేల అడుగుల యెత్తుననున్న మెట్టనగరము. ఇదియు కొండమధువే. ఇక సామాన్యజనుల పానమును ఫ్రెంచి యాత్రికుడు తావర్నియే చెప్పినాడు. గోలకొండలో కల్లుపై పన్ను రాజునకు పెద్ద రాబడి యని అతని వ్రాత. దొరల గదిలో షీరాజు సీసా, వీధిలో తాటికల్లు ముంత: తెలుగునాట మధువర్గభేదము అంత పాతది.

మదరాసు కోట బలపడిన కొలది షీరాజు వెనుకబడి మదీరా ముందుకు వచ్చెను. పోర్చుగీసువారు 1419 లో కనుగొనిన ఈ చిన్న ద్వీపము అట్లాంటిక్ మహాసముద్రమున, ఆఫ్రికా ఖండమునకు పడమరగా నున్నది. అగ్నిపర్వతపు రాతినేల, నిటారుకొండలు, కొండలపై మెట్లుమెట్లుగా కట్టిన తోటలు, వానికి నీరు మోయు సన్నకాలువలు. చుట్టును సముద్రమే యగుటచే పగటియెండ మితిమీరదు, రాత్రి చలి బాధింపదు. పండు నెమ్మదిగ పక్వమగును. అందువలన తీపి వచ్చినను పులుపు పోదు. సెర్సియల్, వెర్డెల్హో, బూవల్, మాల్వాసియా అను నాలుగు జాతులు దానికి ప్రసిద్ధములు. మొదటిది మిక్కిలి పులుపు, చివరిది మిక్కిలి తీపి.

సముద్రము ఈ మధువును రెండుమార్లు తీర్చినది. తోటలో నొకసారి, ఓడలో నొకసారి. భారతదేశమునకు వచ్చు ఓడలు ఆ ద్వీపమున ఆగి పీపాలు ఎక్కించుకొనెడివి. భూమధ్యరేఖను దాటునపుడు ఓడకడుపులోని వేడికి ఆ పీపాలు నెలల తరబడి ఉడికెడివి. అలల ఊపునకు కదలుచుండెడివి. ఇతరమధువులు ఇంత వేడికి పాడగును. బ్రాందీ కలిపి గట్టిపరచిన మదీరా పాడగుటకు మారు మెఱుగయ్యెను. కాల్చిన గింజల వాసన, బెల్లపు పాకము వంటి రుచి, దానినడుమ చెక్కుచెదరని పులుపు దానికి ఏర్పడినవి. ఈ సంగతి తెలిసిన వర్తకులు కావలెననియే పీపాలను భారతదేశయాత్రకు పంపి మరల వెనుకకు తెప్పించుకొనిరి. తిరిగివచ్చిన మధువు అను నర్థమిచ్చు పోర్చుగీసు పేరుతో దానిని హెచ్చువెలకు అమ్మిరి. అనగా మన తూర్పుతీరపు యాత్రయే ఒక మధువు తయారీలో భాగమైనది. పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ వేడిని ద్వీపముననే కొలుములతో కల్పించు పద్ధతి పుట్టెను. నేటికిని మేలైన మదీరాను ఎండతగులు అటకలపై పీపాలలో ఏండ్ల తరబడి నిలువ యుంచుదురు. మదరాసు వేసవిలో మూతతీసిన సీసాయు వారముల తరబడి చెడక నిలుచుటయే దొరలకు మదీరాపై ప్రీతి కలుగుటకు ముఖ్యకారణమని తలపవచ్చును. రుచికన్న వాతావరణమే కొన్నిసార్లు అభిరుచిని నిర్ణయించును.

డచ్చివారికి దక్షిణాఫ్రికా అగ్రము ఇట్టి మజిలీ. అచ్చట సైమన్ వాన్ డెర్ స్టెల్ 1685 లో పొందిన కాన్‌స్టాన్‌షియా తోట మధువు యూరపు రాజగృహముల వఱకు పేరుకెక్కెను. తోటపై వేసవిలో వీచు ఆగ్నేయపు గాలిని అచ్చటివారు అంతరీపపు వైద్యుడని పిలుతురు. ఊరి చెడుగాలిని, రోగములను ఊడ్చివేయునను నమ్మికచే గాలికి ఆ బిరుదు వచ్చినది; తీగలయందలి తేమను ఆర్చి, బూజుతెగులును తగ్గించుటయు దాని పనియే.

ఇక సముద్రము పండును ఎట్లు మార్చును? నీరు నేలకన్న నెమ్మదిగ వేడెక్కును, నెమ్మదిగ చల్లారును. అందుచే తీరమున పగటికిని రాత్రికిని, వేసవికిని చలికాలమునకును భేదము తక్కువ. పండు పక్వమగు కాలము సాగును. వేడి హెచ్చిన కొలది పండులోని పులుపు, ముఖ్యముగ ఆపిలుపండ్లలో నుండు జాతి యామ్లము, కరగిపోవును. చల్లగాలి దానిని కాపాడును. పులుపు నిలిచిన మధువు నాలుకపై తేలికగ తోచి నోట నీరూరించును. ఉప్పదనము సంగతి కొంచెము చిక్కైనది. గాలివెంట వచ్చు ఉప్పుతుంపర ఆకులపైనను పండ్లపైనను పడుట సత్యమే. కాని ఉప్పన తోచు ప్రతి మధువును సముద్రపు టుప్పు గలదనుట పొరపాటు. పులుపును, తీపిలేమియు కలిసి యట్టి భ్రమ గొల్పుటయు గలదు. స్పెయినుదేశమున సాన్‌లూకార్ రేవులోని మంజానిల్లా దీనికి మంచి యుదాహరణము. అచ్చట పీపాలోని మధువుపై పులియబెట్టు సూక్ష్మజీవులు తెల్లని మీగడవలె పొరకట్టును. సముద్రపు తేమగాలివలన ఆ పొర యేడాది పొడవునను దట్టముగ నుండి మధువును గాలితగులకుండ కాపాడును. లోనాటి హెరెజ్ పట్టణమున పొర అంత దట్టముగ నుండదు. ఒకే పండు, ఒకే పద్ధతి. ఊరు మారుటచే రుచి మారినది.

అట్లయిన కాకినాడ, మచిలీపట్టణము, నెల్లూరు తీరములలో ద్రాక్ష యేల పండలేదు? ఇచ్చటనే ఈ విషయమునందలి కీలకము గలదు. సముద్రము చెంత నుండుట మాత్రమే చాలదు. ఆ సముద్రము చల్లనిదై యుండవలెను. దక్షిణాఫ్రికాకు బెంగ్వేలా ప్రవాహము, చిలీకి హంబోల్టు ప్రవాహము, కాలిఫోర్నియాకు దానితీరపు చలిప్రవాహము ధ్రువప్రాంతపు చల్లదనమును తెచ్చుచున్నవి. బంగాళాఖాతము వెచ్చని నీరు. దానిగాలి వేడిని తగ్గించుటకన్న తేమను హెచ్చించును. తేమయు వేడియు కలిసిన చోట ద్రాక్షకు బూజు తప్పదు. తుపానులు సరేసరి. అందుచేతనే తెలుగునాట ద్రాక్ష తీరమును విడిచి మెట్టకెక్కినది. సుమారు 1890 లో అబ్దుల్ బాకర్ ఖాను హైదరాబాదున ప్రవేశపెట్టిన అనాబెషాహి దక్కను పీఠభూమిపైననే వర్ధిల్లెను. అదియు తినుపండే గాని మధువు పండు కాదు.

మన దేశమున సముద్రము చేయని పనిని ఎత్తు చేయుచున్నది. హొసూరు సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల యెత్తుననున్నది. పగలు ఎండకాసినను రాత్రి చల్లబడును. ఆ చల్లదనము పండులోని పులుపును నిలుపును. తీరద్వీపమున రేయింబవళ్ళ భేదము తక్కువయగుటచే నిలుచు పులుపు, మెట్టపై ఆ భేదము ఎక్కువయగుటచే నిలుచుచున్నది. మార్గములు విరుద్ధములు, ఫలము సమీపము. ఐనను మధుపరీక్షకుని నాలుక రెంటిని వేరుపరుపగలదు. మెట్టమధువున పండు వాసన గాఢము, ఒడలు బరువు. కడలిమధువున ఆ రెండును పలుచన. శీతకాలపు నిద్ర లేని ఈ ఉష్ణసీమలో తీగను ఏట రెండుమార్లు కత్తిరించి, ఒక్కపంటనే తీయుదురు. వేసవిలో ఒక కత్తిరింపు, వానలు వెనుకబట్టునపుడు మరియొకటి; కోత మాఘఫాల్గుణములలో. చలిదేశపు రైతునకు ప్రకృతి చేసిపెట్టు పనిని ఇచ్చట కత్తెర చేయవలెను.

హొసూరు మెట్టనుండి కృష్ణగిరికి దిగినచో ఎత్తు సగమునకు పడును. సామల్‌పట్టి రైలుస్టేషనుకు చేరువనున్న కల్లావి మఱింత దిగువ పల్లపుమెట్ట. ఇచ్చటికి సముద్రము నూరు కిలోమీటర్లకు మించిన దూరము; దాని చల్లదనము రాదు, దాని వాన మాత్రము వచ్చును. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతపు వాయుగుండములు ఇచ్చటి చెరువులను నింపును. 1792 లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను నుండి బారామహలు కంపెనీకి సంక్రమించెను. కలెక్టరు అలెగ్జాండరు రీడును, ఆయన సహాయకుడు థామస్ మన్రోయును ఈ సీమను కొలిపించిరి. మన్రో ధర్మపురిలో తానే తోట వేసికొనెను. ద్రాక్ష సేలము, మదుర జిల్లాలలోనికి సుమారు 1832 లో క్రైస్తవమిషనరీలచే వచ్చినదని తోటల చరిత్ర. నాటి సేలము జిల్లాలో కృష్ణగిరి, హొసూరు, ఊతంగరై తాలూకాలు చేరియుండెను. తరువాతి కాలమున బారామహలు రైతు ద్రాక్షకన్న మామిడినే నమ్మెను. తోతాపురి మామిడి ఈ జిల్లాకు ఊరిపేరువంటిదైనది.

కల్లావి యను పేరు విని కల్లును తలచువారుందురు. ద్రావిడభాషలలో కల్ అనగా రాయి కూడనని మఱువరాదు. రాతిగుట్టల సీమలో ఆ యర్థమునకే బలము. పేరెట్లున్నను, ఈ పల్లెలలో తాడి, ఈత, కొబ్బరి చెట్లనుండి కల్లు తీయుట ప్రాచీనవృత్తి. ద్రాక్షవలెనే చెట్టుకల్లునకును తావునుబట్టి రుచిగలదు. ఈతకల్లు చలికాలపుది, తాటికల్లు వేసవిది. పోతుతాడి రసము వేరు, పండుతాడి రసము వేరు. గీతకాడు వేకువన దించిన లొట్టి తీపి, పొద్దెక్కినకొలది పులుపు, సాయంతనమునకు ఘాటు. వేడి హెచ్చిన సీమలో పులియుట త్వరపడును. లొట్టికి లోపల సున్నము పూసినచో పులియక తీపిగనే నిలుచును. ద్రాక్షమధువు ఏండ్లలో పొందు మార్పును కల్లు ఒక దినములో పొందును. అందుచే దానిని ఓడకెక్కింప వీలులేదు. ఊరుదాటని పానమునకు ఊరిపేరు అవసరపడలేదు. కోస్ ద్వీపపు భాండము పెంకైనను మిగిలినది. మన లొట్టి చరిత్ర వ్రాతకెక్కలేదు.

ఈ వృత్తికి తొలిదెబ్బ ఈ జిల్లాలోనే తగిలెను. హొసూరు చెంతనున్న తొరపల్లిలో 1878 లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి 1937 లో మదరాసు రాజధానికి ప్రధానమంత్రి యయ్యెను. ఆ యేటి అక్టోబరు 1 న మద్యనిషేధమును మొట్టమొదట సేలము జిల్లాలో అమలుపరచెను. తాను పుట్టిన తాలూకా అందు చేరియున్నది. మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకును, 1939 లో ఉత్తరార్కాటునకును అది వ్యాపించెను. పోయిన అబ్కారీ రాబడికి బదులుగ 1939 లో అమ్మకపుపన్ను శాసనము వచ్చెను. నేడు ప్రతి యంగడిలో చెల్లించు పన్ను పుట్టుకలో సేలము కల్లుచెట్టున కొకపాలు గలదన్నమాట. నిషేధము కూలివాని కొంపను నిలిపెనని మెచ్చినవారు నాడును గలరు, నేడును గలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచుట అట్టి బాధనుండియే. కాని నిషేధము ఎత్తివేయబడిన కాలములలో తిరిగివచ్చినది సీసాలోని మద్యము. కల్లుగీతకు ఆ భాగ్యము నిలువలేదు. తమిళనాట 1987 జనవరి 1 నుండి కల్లు నిషిద్ధము. ఏ గుణము చూచి సీసామద్యమునకు సెలవిచ్చి కల్లును కట్టివేసిరో యని గీతకాండ్రు అడుగుట న్యాయమే.

కృష్ణగిరి జిల్లా 2004 లో ధర్మపురినుండి విడివడి యేర్పడినది. దాని యుత్తరపుటెల్ల కావల చిత్తూరు సీమలోని కుప్పము. ఎల్లకు ఆవల ఆంధ్రప్రదేశమున అనుమతి పొందిన గీతకాడు చెట్టెక్కి లొట్టి కట్టవచ్చును. ఈవల అదే జాతి తాడికి అదే లొట్టి కట్టుట నేరము. గాలి యొకటే, నేల యొకటే, వాన యొకటే. ఈవలి తాటిచెట్లు నేడు ముంజెలకును, కప్పు ఆకులకును, వేసవిలో సున్నపులొట్టిలో దింపు తీపి పదనీటికిని నిలిచియున్నవి.